మందుల్లేని కాన్పు: పంతం చాలదు, పక్కన మనిషి కావాలి

నొప్పి తగ్గించే మందులేవీ తీసుకోకుండా, ఆసుపత్రిలోనే బిడ్డను కనాలనుకుంటున్నానని ఒక స్త్రీ చెబితే వెంటనే ఎదురయ్యే ప్రశ్న "అంత ఓర్పు నీకుందా?" అని. అడిగేవాళ్ళు ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ ప్రశ్న భారమంతా తెచ్చి ఆమె ఒక్కదాని నెత్తిన పెడుతుంది. చివరిదాకా తట్టుకుంటే గట్టి మనిషి, మధ్యలో మందు అడిగితే ఓడిపోయిన మనిషి అన్నట్టు లెక్క తేలిపోతుంది. నిజానికి ఆమె ఎంతవరకు తట్టుకోగలదన్నది గుండె నిబ్బరం కన్నా, ఆ గది ఆమెను ఏం చేయనిస్తుంది, ఆ గంటలన్నీ ఆమె పక్కన ఎవరుంటారు అన్న రెండింటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కాన్పు పొడుగునా తల్లి పక్కనే తోడుండే మనిషి, అంటే డౌలా, అవసరం ఏమిటో ఇక్కడే అర్థమవుతుంది.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఇక్కడ మందు అంటే నొప్పి మందు మాత్రమే: నడుము దగ్గర వెన్నులోకి పెట్టిన సన్నటి గొట్టంతో ఇచ్చే ఎపిడ్యూరల్, ఓపియాయిడ్ ఇంజెక్షన్లు, మాస్కుతో పీల్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ లాంటివి. వీటిని వద్దనుకున్నంత మాత్రాన వైద్యాన్నే వద్దనుకున్నట్టు కాదు. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఎక్కువ కాకుండా తల్లులందరికీ 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందుల్లేని కాన్పు కోరుకున్న తల్లి కూడా అది తీసుకోవడమే మంచిది. చిరిగిన చోట కుట్లు వేయాల్సి వస్తే అక్కడికి మత్తు ఇంజెక్షన్ చేయించుకోవడంలోనూ తప్పు లేదు. ఆసుపత్రిని ఎంచుకున్నదే అవసరమైన వైద్యం చేతికందేలా ఉండాలని కదా.

పురిటి నొప్పికి ఒక ప్రత్యేకత ఉంది. అది వస్తుంది, పెరుగుతుంది, పోతుంది. గర్భసంచి కండరం బిగుసుకున్నప్పుడల్లా ముఖద్వారం కొంచెం కొంచెంగా పైకి లాగబడి తెరుచుకుంటుంది, బిడ్డ తల కిందికి ఒత్తుతుంది. నొప్పులు బాగా ముదిరిన దశలో కూడా ఒక్కోటి నిమిషం, మహా అయితే నిమిషంన్నర ఉంటుంది. తర్వాత కాసేపు విరామం. ఆ విరామంలో చాలామందికి నొప్పి దాదాపు ఉండదు. కొందరు కునుకు కూడా తీస్తారు. మందుల్లేని కాన్పు మొత్తం ఈ విరామాల మీద నడుస్తుంది. ఆ కాసేపూ ఒళ్ళు వదులు చేసుకోగలిగితే తర్వాతి నొప్పికి శక్తి మిగులుతుంది. "అమ్మో, మళ్ళీ వచ్చేస్తోంది" అన్న భయంతోనే అది కాస్తా గడిచిపోతే విరామమే లేనట్టు అవుతుంది.

భయానికి శరీరంలో కూడా పని ఉంది. నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి విడతలు విడతలుగా విడుదలవుతుంది. బిడ్డ తల ముఖద్వారాన్ని ఒత్తేకొద్దీ మరింత వస్తుంది. దాంతోపాటు ఒంట్లోనే తయారయ్యే ఎండార్ఫిన్లు నొప్పి తీవ్రతను కొంత మొద్దుబారుస్తాయి. మనిషి బెదిరిపోతే అడ్రినలిన్ పెరిగి ఈ పని నెమ్మదిస్తుంది. ఇంట్లో అయిదేసి నిమిషాలకు వచ్చిన నొప్పులు ఆసుపత్రి గుమ్మం దాటగానే దూరం కావడం లేబర్ రూములో పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన విషయమే. భయం ఒంటిని బిగిస్తుందని, బిగువు నొప్పిని పెంచుతుందని, పెరిగిన నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుందని బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1930లలోనే రాశాడు. భయం పోతే నొప్పే పోతుందన్నంత దూరం ఆ వాదాన్ని లాగకూడదు. భయం ఏమాత్రం లేని తల్లికీ నొప్పి ఉంటుంది. కాకపోతే భయం కలిసిన నొప్పి, భయం కలవని నొప్పి ఒకటి కావు.

ఇంకొక సంగతి 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి తెలిసింది. నొప్పి కబురు మెదడుకు చేరే ముందు వెన్నుపాములో ఒక తలుపు లాంటిది దాటాలి. అదే చోటి నుంచి స్పర్శ, ఒత్తిడి కబుర్లు కూడా వస్తుంటే ఆ తలుపు కొంత మూసుకుంటుంది. మోకాలికి దెబ్బ తగిలితే మన చేయి దానంతటదే వెళ్ళి రుద్దుతుంది, అది ఇందుకే. నడుము మీద గట్టిగా నొక్కిపెట్టడం, గోరువెచ్చని నీళ్ళు పోయడం కాన్పులో పనిచేయడానికి ఒక కారణం ఇదే. ఈ పనులకు ఖర్చు లేదు, కానీ మనిషి కావాలి. నొప్పి వచ్చిన ప్రతిసారీ, గంటల తరబడి.

ఇప్పుడు మామూలు ఆసుపత్రి గదిని ఇదే దృష్టితో చూద్దాం. మంచం మధ్యలో ఉంటుంది కాబట్టి రాగానే పడుకోవడమే పద్ధతి అయిపోతుంది. బిడ్డ గుండె చప్పుడు వినడానికి పొట్టకు సీటీజీ బెల్టులు కడతారు, అవి జారిపోతాయని కదలొద్దంటారు. చేతికి డ్రిప్ ఉంటే ఆ స్టాండు దాటి అడుగు వేయడం కష్టం. వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, లేచి తిరిగే వీలుంటే మొదటి దశ, అంటే ముఖద్వారం పూర్తిగా తెరుచుకునే దశ, కొంత తొందరగా కూడా ముగుస్తుంది. అంటే నొప్పిని తగ్గించే సహజమైన దారులను ఒక్కొక్కటిగా మూసేసి, ఆ తర్వాత "ఇక తట్టుకోలేకపోతోంది, మందు కావాలి" అంటున్నాం. అది ఆమె ఓర్పు కొలత ఎలా అవుతుంది?

గడియారం సంగతి మరీ ముఖ్యం. 1955లో ప్రసూతి వైద్యుడు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ గీసిన గ్రాఫు నుంచి, ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న లెక్క దశాబ్దాల పాటు లేబర్ రూములను ఏలింది. ఆ వేగం అందుకోని తల్లికి "ప్రోగ్రెస్ లేదు" అని కృత్రిమ ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టేవారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్కను పక్కన పెట్టింది. అసలు నొప్పుల దశ 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుందని, గంటకు సెంటీమీటరు కన్నా నెమ్మదిగా సాగడం ఒక్కటే జోక్యానికి కారణం కాకూడదని చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి ఆపకుండా సీటీజీ పెట్టక్కర్లేదని, మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి గుండె చప్పుడు వింటే చాలని, తిరగనివ్వాలని, తాగనివ్వాలని, ఆమె కోరుకున్న తోడు మనిషిని లోపలికి రానివ్వాలని కూడా ఆ సిఫారసుల్లో ఉంది. అదే పత్రం, అడిగిన ఆరోగ్యవంతురాలికి ఎపిడ్యూరల్ ఇవ్వాలని కూడా చెబుతుంది. ఈ రెండింటికీ మధ్య వైరుధ్యమేమీ లేదు.

డ్రిప్ విషయంలో తల్లులకు ముందే నిజం చెప్పాలి. ఒంట్లో పుట్టే ఆక్సిటోసిన్ విడతలుగా వస్తే, డ్రిప్పులోది ధారగా ఎక్కుతుంది. నొప్పులు దగ్గర దగ్గరగా, బలంగా వస్తాయి, విరామం చిక్కిపోతుంది. డ్రిప్ మీద ఉండి కూడా మందు లేకుండా కన్నవాళ్ళున్నారు. అయినా అప్పుడు ఎపిడ్యూరల్ అడిగిన స్త్రీ మొదట అనుకున్న మాట తప్పినట్టు కాదు, ఆమె ముందున్న పరిస్థితే మారిపోయింది.

ఇక డౌలా. పాత గ్రీకు భాషలో సేవ చేసే స్త్రీ అనే అర్థమున్న ఈ మాటను 1973లో మానవశాస్త్రవేత్త డేనా రాఫెల్ బాలింతకు తోడుండే మనిషికి వాడింది. తర్వాత కాన్పులో తోడుండే మనిషికి అదే పేరు స్థిరపడింది. డౌలా మంత్రసాని కాదు, మిడ్‌వైఫ్ కాదు, నర్సు కాదు. లోపలి పరీక్ష చేయదు, గుండె చప్పుడు కొలవదు, బిడ్డను బయటికి తీయదు. ఆమెకు వేరే రోగి ఉండదు, రాయాల్సిన రికార్డులుండవు, డ్యూటీ మారే వేళ ఉండదు. నర్సు ఎంత మంచిదైనా ఇద్దరు ముగ్గురిని చూసుకోవాలి, షిఫ్టు అయిపోతే వెళ్ళిపోవాలి. డాక్టరు చివర్లో వస్తారు. మొదటి నుంచి చివరిదాకా ఆ గదిలోనే ఉండటం డౌలా పని.

ఉత్తి "ఉండటం" ఒక పనా అని సందేహం రావచ్చు. దానికి జవాబు అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగిన పరిశోధనలో ఉంది. పిల్లల వైద్యులు జాన్ కెన్నెల్, మార్షల్ క్లాస్ బృందం అంతకుముందే గ్వాటెమాలాలో ఇలాంటి అధ్యయనాలు చేసింది. 1991లో ప్రచురించిన హ్యూస్టన్ అధ్యయనంలో తొలి కాన్పుకు వచ్చిన 616 మందిని మూడు గుంపులుగా చూశారు. డౌలా తోడున్న వాళ్ళలో సిజేరియన్లు 8 శాతం, ఎవరూ లేని వాళ్ళలో 18 శాతం. ఎపిడ్యూరల్ అయితే సుమారు 8 శాతానికి ఎదురుగా 55 శాతం. ఇందులో ఆగి చూడాల్సింది మూడో గుంపును. వాళ్ళ గదుల్లో ఒక స్త్రీ మంచానికి దూరంగా కూర్చుని, ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్ళారో రాసుకుంది. తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు, చేయి పట్టుకోలేదు. ఆ గుంపులో సిజేరియన్లు 13 శాతం, ఎపిడ్యూరల్ 23 శాతం. మూలన కూర్చుని మౌనంగా రాసుకునే మనిషి వల్లే ఇంత తేడా వస్తే, ఒంటరితనం ఆ గదిలో ఎంత పని చేస్తోందో ఊహించవచ్చు.

అలాగని ఈ ఒక్క అధ్యయనం పట్టుకుని ఊరేగడం సరికాదు. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. ఆపకుండా తోడున్నప్పుడు సిజేరియన్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి, నొప్పుల కాలం సగటున 40 నిమిషాలు తగ్గింది, కాన్పు అనుభవం మీద అసంతృప్తి తగ్గింది. నొప్పి మందుల వాడకం మాత్రం పదో వంతే తగ్గింది. ఇది చిన్న అంకె, దాన్ని చిన్నదిగానే చెప్పాలి. తోడు ఉందో లేదో తెలియకుండా దాచిపెట్టి ఇలాంటి అధ్యయనం చేయలేం కాబట్టి, ఆధారాల్లో చాలావాటికి సమీక్షకులు తక్కువ నమ్మకం స్థాయే ఇచ్చారు. 2002లో అమెరికా, కెనడాలలోని 13 ఆసుపత్రుల్లో 6,900 మందికి పైగా స్త్రీలతో చేసిన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన నర్సులే ఆపకుండా తోడున్నారు. సిజేరియన్లలో తేడా రాలేదు.

ఈ అంకెలన్నీ కలిపి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. పడుకోబెట్టి, బెల్టులు కట్టి, డ్రిప్ పెట్టే గదిలో తోడు మనిషిని అదనంగా కూర్చోబెడితే పెద్ద మార్పు రాదు. ఆ తోడు ఆసుపత్రి ఉద్యోగే అయితే గది అలవాట్లు ఆమెకు కూడా అలవాట్లే. అందుకే మందుల్లేని కాన్పు కావాలనుకునేవాళ్ళు డౌలాను మాట్లాడుకుని ఊరుకుంటే సరిపోదు. లేచి తిరగనిస్తారా, గుండె చప్పుడు అప్పుడప్పుడు వింటారా లేక ఎప్పుడూ బెల్టేనా, డ్రిప్పుకు బదులు చేతికి సూది గొట్టం మాత్రం పెట్టి మూసి ఉంచుతారా, షవర్ వాడుకోవచ్చా, భర్తతో పాటు డౌలాను కూడా లోపలికి రానిస్తారా అని నెలలు నిండకముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. నొప్పులు మొదలయ్యాక గుమ్మం దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒక్క నొప్పిని దగ్గర నుంచి చూస్తే డౌలా పనేమిటో బాగా తెలుస్తుంది. ముఖద్వారం ఆరేడు సెంటీమీటర్లు తెరుచుకుంది. బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంది కాబట్టి నొప్పంతా నడుములోనే. ఆమె మంచం అంచు మీద చేతులానించి, ముందుకు వంగి నిలబడింది. మాట మధ్యలో ఆగిపోయింది, భుజాలు చెవుల దాకా లేచాయి. నొప్పి మొదలైందని డౌలా ఆ భుజాలు చూసే గుర్తుపడుతుంది. ఎడమ చేయి ఆమె తుంటి మీద ఆనించి, కుడి అరచేతి మడమతో నడుము కిందున్న చదునైన ఎముక మీద నొక్కుతుంది. రుద్దదు, నొక్కిపెడుతుంది, తన ఒంటి బరువంతా వేసి. "ఇంకొంచెం కిందికి" అని తల్లి ఒక్క మాట అంటే చేయి రెండు వేళ్ళు కిందికి జరుగుతుంది. సగం నొప్పి దాటేసరికి తల్లి గొంతు సన్నగా, పైకి లేస్తుంది. డౌలా ఏమీ చెప్పకుండా తనే లోగొంతుతో "ఆ..." అని నెమ్మదిగా ఊపిరి వదులుతుంది. రెండో శ్వాసకు తల్లి గొంతు కూడా ఆ స్థాయికి దిగుతుంది. దవడ వదులవుతుంది, భుజాలు దిగుతాయి. "అయిపోతోంది, దిగిపోతోంది." నొప్పి పోయాక చేయి ఒక్కసారిగా తీసేయదు, మెల్లగా తేలిక చేస్తుంది. రెండు గుక్కల నీళ్ళు, మెడ మీద తడి గుడ్డ. భర్తను పిలిచి ఎక్కడ నొక్కాలో అతని చేయి పెట్టి చూపిస్తుంది. తర్వాతి నొప్పికి అతను నొక్కుతాడు, డౌలా తల్లి ముఖం వైపు ఉంటుంది. ఇలా నాలుగు గంటలు.

భర్త చోటును డౌలా లాగేసుకుంటుందేమో అనే అనుమానం చాలామందికి ఉంటుంది. మంచి డౌలా ఉన్నచోట జరిగేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అతనికి కూడా ఇది కొత్తే, ప్రేమించిన మనిషి మూలుగుతుంటే చూడటం టెన్షనే. ఇది మామూలే, ఇలాగే ఉంటుంది అని చెప్పేవాళ్ళు ఒకరుంటే అతను కుదుటపడతాడు. కాసేపు కళ్ళు మూసుకుని మళ్ళీ రాగలుగుతాడు.

ఎనిమిది సెంటీమీటర్లు దాటాక వచ్చే దశను డౌలాలు ట్రాన్సిషన్ అంటారు. కాళ్ళు వణుకుతాయి, వాంతి వస్తుంది, ఒకసారి చెమట, ఒకసారి చలి. చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "నా వల్ల కాదు, ఇక మందు ఇచ్చేయండి." ఈ క్షణం గురించి ముందుగానే మాట్లాడుకోవాలి. కొందరు తల్లులు డౌలాతో ఒక గుర్తు మాట అనుకుంటారు. "నా వల్ల కాదు" అంటే ధైర్యం చెప్పు, ఆ గుర్తు మాట అంటే మాత్రం నిజంగా మందు ఇప్పించు అని. ఇది చాలా మంచి ఏర్పాటు. నొప్పిలో నోటికొచ్చినట్టు అరిచే స్వేచ్ఛ ఆమెకు ఉంటుంది, నిర్ణయం కూడా ఆమె చేతిలోనే ఉంటుంది. గుర్తు మాట వచ్చాక "ఇంకొంచెం ఓర్చుకో" అనే డౌలా హద్దు దాటినట్టే.

డౌలాల శిక్షణకు బాట వేసినవాళ్ళలో ఒకరైన పెన్నీ సిమ్‌కిన్ నొప్పికి, వేదనకు తేడా చూపేది. నొప్పి ఒంటికి సంబంధించింది. దిక్కుతోచకపోవడం, ఒంటరిగా మిగిలిపోవడం, ఇక ఏమీ చేతిలో లేదనిపించడం వేదన. నొప్పి ఉండి వేదన లేని కాన్పు ఉంటుంది. ఇరవై నాలుగు గంటలుగా నిద్ర లేక, ముఖద్వారం కదలక, రెండు నొప్పుల మధ్య కూడా ఏడుస్తున్న తల్లిది వేదన. అప్పుడు ఎపిడ్యూరల్ ఆమెకు రెండు గంటల నిద్ర ఇచ్చి, తర్వాత తనే ముక్కి కనే బలం ఇవ్వగలదు. డౌలా అప్పుడు కూడా గదిలోనే ఉంటుంది, ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాళ్ళ మధ్య దిండు సర్దుతుంది. మందు తీసుకున్న తల్లిని చూసి ముఖం ముడుచుకునే డౌలా ఆ పనికి తగదు.

డాక్టరుతో మాట్లాడటంలోనూ హద్దు ఉంది. డౌలా తల్లి తరఫున జవాబు చెప్పదు, సలహాను కాదనదు. ఉమ్మనీరు పగలగొడతామని డాక్టరు చెబితే, డౌలా తల్లి వైపు వంగి "ఏమైనా అడగాలనుందా?" అంటుంది. దాని వల్ల మేలేమిటి, ముప్పేమిటి, ఇంకో దారి ఉందా, గంటసేపు ఆగితే ఏమవుతుంది అని అడిగేది తల్లే. బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా, రక్తం ఎక్కువగా పోతున్నా ఈ ప్రశ్నలకు సమయం ఉండదు. అప్పుడు డౌలా పక్కకు తప్పుకుని, తల్లి తల దగ్గర నిలబడి జరుగుతున్నదేమిటో చెబుతూ ఉంటుంది. హైబీపీ, అడ్డం తిరిగిన బిడ్డ, ముఖద్వారాన్ని కప్పేసిన మాయ వంటివి ఉన్నప్పుడు కాన్పు ఎలా జరగాలన్నది వైద్యులు చెప్పాల్సిందే.

ముక్కే దశలో చెప్పుకోవాల్సింది తక్కువ. మందు లేని తల్లికి ఎప్పుడు ముక్కాలో ఒళ్ళే చెబుతుంది, పది దాకా లెక్కపెట్టి ఊపిరి బిగబట్టించాల్సిన పని లేదు. నాలుగు కాళ్ళ మీద వంగినా, పక్కకు తిరిగినా, గొంతుకూర్చున్నా ఆమె ఇష్టం. ఈ సమయంలో నర్సో మిడ్‌వైఫో యోని కింద వెచ్చని తడి గుడ్డ అద్ది పట్టుకుంటే తీవ్రమైన చిరుగులు తగ్గుతాయి. బిడ్డ రాగానే తల్లి గుండెల మీదికి చేర్చి, బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగడం ఇప్పుడు చాలాచోట్ల మామూలు పద్ధతే.

ఆ తర్వాత గంటా రెండు గంటలు డౌలా అక్కడే ఉంటుంది, మొదటి పాలు పట్టేదాకా. మళ్ళీ కొన్ని రోజులకు ఒకసారి వస్తుంది. ఈ రాకను చాలామంది మర్యాదగా భావిస్తారు కానీ ఇది పనిలో భాగమే. కాన్పై 15, 20 ఏళ్ళు దాటిన స్త్రీలను సిమ్‌కిన్ అడిగి చూస్తే, ఆ రోజు డాక్టర్లు, నర్సులు అన్న మాటలు కూడా వాళ్ళకు గుర్తున్నాయి. అంతకాలం మోసే జ్ఞాపకంలో ఖాళీలుంటే వాటిలో అపరాధ భావం వచ్చి కూర్చుంటుంది. అందుకే డౌలా తను రాసుకున్న కాగితం తెస్తుంది. ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, షవర్ కింద ఎంతసేపు నిలబడింది, "నా వల్ల కాదు" అన్నాక ఎన్ని నిమిషాలకు తల కనిపించింది అన్నీ అందులో ఉంటాయి. తల్లి బిడ్డకు పాలిస్తూ వింటుంది, మధ్యలో ఆపి అడుగుతుంది: "నేను అరిచింది నిజమేనా? అప్పుడు నువ్వేం చేశావు?"